నీళ్ల కొలత

ఆదివారం పొద్దున్న ఆరుంబావు. మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో హారన్లు ఇంకా మొదలు కాలేదు. మూసి ఉన్న షట్టరు ముందు ఆమె మడత స్టూలు వేసుకుంది. పక్కనే కూర్చోండి, మాటలు మాత్రం వద్దు.

ఎదురుగా గడియారం టవరు, దానికి రెండు పక్కలా కమాన్ల వరసలు. నిజాం కాలంలో, 1935లో గ్రానైటుతో కట్టిన బజారు. ఆమె చేయి బారుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో టవరు ఎత్తు కొలుస్తోంది. ఆర్కిటెక్చర్ చదువు అంటించిన అలవాటిది. చదువు అంటించిన జబ్బు ఇంకోటి కూడా ఉంది: ముందు కమాన్లు లెక్కపెడుతుంది, లెక్కపెట్టాక అన్నీ గీయాలనిపిస్తుంది. ఈరోజు మూడింటి దగ్గర పెన్సిలు కింద పెట్టేసింది. నాలుగోదాని మీదికి చూపు పోతూనే ఉంది.

నీటిరంగుల పెట్టెలో బూడిద రంగు లేదు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలుపుతుంది. నీలం కాస్త ఎక్కువైతే నీడపట్టున ఉన్న రాయి, సియెన్నా ఎక్కువైతే ఎండ తగిలిన రాయి. మందపాటి 300 జీఎస్ఎం కాగితాన్ని అట్ట మీద కొంచెం ఏటవాలుగా పెట్టి, కుంచెతో ఒక్క లాగు లాగింది. అంచున రంగునీళ్లు బొట్టుకట్టి, జారకుండా నిలబడ్డాయి. ఆ బొట్టు ఎండేలోపు కిందికి నడిపించాలి. సగం ఆరిన చోట ఇంకో చుక్క నీళ్లు పడిందా, రంగు విచ్చుకుని గోబిపువ్వులా మచ్చ కడుతుంది. దాన్ని తుడవలేం, దిద్దలేం.

చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే పొద్దుటి పూట బొమ్మలు వేసుకుని, మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేవాడట. ఈమెకు వారానికి దొరికేది ఈ ఒక్క పొద్దు. వచ్చే నెల గ్రూప్ షోలో రెండు బొమ్మలు పెట్టాలి. ఇప్పటిదాకా అమ్ముడుపోయింది ఒక్కటే. ఆ డబ్బు కాగితాలకే సరిపోయింది.

సైటు నుంచి ఫోను. "మేడం, కాంక్రీటు మాల్ బండి బయల్దేరింది."

టవరు కింద నీడ ఇంకా వేయలేదు. అలాగే అట్టను కారు వెనకసీట్లో పడుకోబెట్టింది.

నల్లగండ్ల సైటు. పంపు రొద, డీజిల్ వాసన, పైన కడ్డీల జాలీ. స్లాబు మీదికి ఎక్కే ముందు ఆమె బండి దగ్గర ఆగింది. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇనుప గరాటాలో కాంక్రీటు నింపిస్తోంది. పొరకు 25 పోట్లు. గరాటా నిటారుగా పైకి లేపగానే ముద్ద నెమ్మదిగా కుంగింది. పక్కన టేపు పెట్టి ఎంత కుంగిందో చూసింది. సరిగ్గానే ఉంది.

"కొంచెం నీళ్లు కొట్టనియ్యి మేడం, మాల్ గట్టిగున్నది," మేస్త్రీ పైపు పట్టుకుని నిలబడ్డాడు.

"వద్దు మేస్త్రీ. వైబ్రేటర్ సరిగ్గా పెట్టించండి, అదే సర్దుకుంటుంది."

ఎక్కువ పోసిన నీళ్లు పనివాళ్లకు సుఖం, స్లాబుకు చేటు. ఆ నీళ్లు ఆవిరైపోయిన చోట సన్నని బోలు మిగులుతుంది, బలం తగ్గుతుంది. పొద్దున కాగితం మీద భయపడిన చుక్కే ఇక్కడ పైపులోంచి వస్తానంటోంది. గట్టిపడ్డాక మాత్రం రెంటి దారులూ వేరు. కాంక్రీటుకు రేపట్నుంచి గట్లు కట్టి కనీసం 7 రోజులు నీళ్లు నిలపాలి. కారులో ఉన్న బొమ్మ పూర్తయ్యాక, దాని మీద చుక్క కూడా పడకూడదు.

మేస్త్రీ పైపు కింద పడేసి ఆమె చేతులకేసి చూశాడు. గోళ్ల సందుల్లో బూడిద రంగు.

"పొద్దుగాల్నే ఏ సైటుకు పోయొచ్చినవ్ మేడం?"

"మొజంజాహీ మార్కెట్."

"గది ఎన్నడో కట్టిండ్రు గద! ఇంకేం పనున్నది ఆడ?"

"నీడ మిగిలింది మేస్త్రీ," అంది, నిచ్చెన ఎక్కుతూ.