చెత్త నుండి వాయువు, తైలము

నెల్లూరు జిల్లా వారికి బొగ్గుల బట్టీ క్రొత్త గాదు. సర్కారు తుమ్మ మొద్దులను కుప్ప పేర్చి, మన్ను కప్పి, గాలి చాలీచాలకుండ నిప్పు పెట్టుదురు. కట్టె బూడిద గాక బొగ్గుగా మిగులును. ఇట్లు గాలి తగులనీయక వేడిచే పదార్థమును విడగొట్టుటనే పైరాలిసిస్ అందురు. పెంటగుంట అడుగునను గాలి ఉండదు; కాని అచ్చట నిప్పు పనిని సూక్ష్మజీవులు చేయును.

1776 లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజోరే సరస్సు బురదను కర్రతో కలియబెట్టి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, ఆ వాయువు మండునని చూపెను. అదియే మీథేను. 1895 లో ఇంగ్లాండులోని ఎక్సెటరు పట్టణమున మురుగు తొట్టి వాయువుతో వీధిదీపములు వెలిగించిరి. రెండవ దారియు పాతదే. 1792 లో విలియం మర్డాక్ రాతిబొగ్గును మూసిన పాత్రలో కాచి, వచ్చిన వాయువుతో తన ఇంట దీపము పెట్టెను.

మరి పట్టణపు చెత్తకు ఏది తగును? మన చెత్తలో అధిక భాగము తడి. కిలో నీరు ఆవిరి యగుటకే సుమారు 540 కిలో కెలోరీల వేడి కావలెను. 1987 లో ఢిల్లీ తిమార్‌పూరులో దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి విద్యుత్తు తీయుటకు కర్మాగారము కట్టిరి. ఇది పైరాలిసిస్ గాదు, నేరుగా కాల్చుటయే. ఐనను తేమ ఈ రెంటికిని శత్రువే. తడిసిన చెత్త అనుకొన్న వేడి నీయక, అది కొద్దిదినములకే నిలిచిపోయెను. విదేశపు చెత్తకు కుదిరిన యంత్రము మన చెత్తకును కుదురునని తలచుట నా దృష్టిలో పెద్ద పొరపాటు.

హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో ఈ తడియే అక్కరకు వచ్చినది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో, 2021 నాటికి అచ్చట దినమునకు 10 టన్నుల వ్యర్థముల నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, వంటకు వాయువు లభించుచుండెను. మిగిలిన మడ్డి ఎరువు. కుళ్లిన టమాటాలు, ఆకులు తప్ప గాజు పెంకు, ఇటుకముక్క కలియకపోవుటయే ఇందలి కీలకము.

చేపల రేవు ఏర్పడిన జువ్వలదిన్నె తీరమున లెక్క మారును. చేపల తలలు, ప్రేగులలో మాంసకృత్తులు అధికము. అవి విడినపుడు పుట్టు అమ్మోనియా మీథేను నిచ్చు జీవులనే అణచును; ఉప్పునీరు చేరిన మరియు కష్టము. వరిగడ్డి, కూరగాయల తొక్కలు కలిపి, ఒక పాలు నత్రజనికి 25 లేక 30 పాళ్లు కర్బనము ఉండునట్లు చూడవలెను. చిరిగిన వలలను మాత్రము ఏ సూక్ష్మజీవియు ముట్టదు. వాటికి పైరాలిసిస్ తగును: పాలిథీను వల తైలము, మైనము నిచ్చును, నైలాను-6 వల నుండి కాప్రోలాక్టము వచ్చును, దానితో మరల నైలాను చేయవచ్చును. కాని పి.వి.సి. గొట్టపు ముక్కలు కలిసెనా, హైడ్రోక్లోరిక్ ఆమ్లము పుట్టి బట్టీ ఇనుమునే తినివేయును.