దూర్బీను ఆపరేషను

జహీరాబాదు మీదుగా పోవు రాజమార్గము తూర్పున హైదరాబాదును, పడమట బొంబాయిని కలుపును. శస్త్రవైద్యచరిత్రలో చెప్పుకొనదగిన రెండు ఘట్టములు ఆ మార్గపు రెండు కొసలను జరిగినవి. మత్తు లేనిదే కడుపుకోత లేదు గదా, ఆ మత్తుకు సాధనమైన క్లోరోఫారము ఎంత నిరపాయకరమో తేల్చుటకు ఆరవ నిజాము ప్రాపున 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున పరీక్షాసంఘములు కూడినవి. శతాబ్దము గడచిన పిదప, 1990లో, బొంబాయి జె.జె. ఆసుపత్రిలో తెహెంతన్ ఉద్వాడియా చిన్న రంధ్రముల గుండా పిత్తాశయమును తొలగించి ఈ దేశమున ఆ విద్యకు నాంది పలికెను. ఉర్దూ పలుకు తెలుగుతో కలిసి నడచు ఈ సీమలో దానికి దూర్బీను ఆపరేషనని పేరు.

పెద్దప్రేగు కాన్సరున కా విద్య అంత సులభముగ చొరలేదు. 1991లో అమెరికాలో జేకబ్సు ప్రభృతులు తమ తొలి యత్నములను ప్రకటించిన కొలదికాలమునకే, రంధ్రములు చేసిన చోటులందు రోగము మరల మొలచుచున్నదన్న వార్తలు శస్త్రవైద్యులను బెదరగొట్టెను. దూర్బీనును పెద్దకోతతో పోల్చి 872 మందిపై జరిగి 2004లో వెలువడిన పరీక్షలో గాయమున రోగము తిరుగబెట్టినవారు ఉభయపక్షములందును నూటికి ఒక్కరికంటె తక్కువేయని తేలినది. ఆసుపత్రి వాసము మాత్రము ఆరు దినముల నుండి ఐదింటికి తగ్గెను. ఇంత కోలాహలమునకు ఫలము ఒక్క దినమా యని నవ్వుకొనవచ్చును గాని, చెరకునరుకు కాలమున కూలివానికి ఆ దినమును దినమే.

పురీషనాళము మాట వేరు. ఇరుకైన కటికుహరమున ప్రేగును దాని చుట్టునున్న కొవ్వుపొరతో సహా చినుగనీయక పెకలింపవలెనని శస్త్రవైద్యుడు హీల్డు 1982లో బోధించినది దూర్బీను రాకకు ముందే. నాటినుండి ప్రతి క్రొత్త పనిముట్టును ఆ గీటురాతి మీదనే ఒరసి చూచుచున్నారు. 2015లో వెలువడిన ఒక ఐరోపా పరీక్షలో మూడేండ్లకు అచ్చటనే రోగము తిరుగబెట్టినవారు రెండు పద్ధతులందును నూటికి ఐదుగురే. అదే యేట అమెరికా, ఆస్ట్రేలియా పరీక్షలు మాత్రము, కోసి తీసిన ముక్కను పరిశీలించి, దూర్బీను పెద్దకోతకు తీసిపోదని రుజువు చేయజాలకపోయెను. యంత్రహస్తమును (రోబోను) మామూలు దూర్బీనుతో పోల్చి 471 మందిపై పరీక్షించినపుడు, నడుమ పెద్దకోతకు మరలవలసినవారు నూటికి 12 నుండి 8కి దిగినట్లు కనబడినను, ఆ భేదము నిశ్చయమనుటకు చాలలేదు.

ఇక కణితి ఆసనమునకు మిక్కిలి చేరువనున్నచో, ఆసనమును సహా తొలగించు, 1908లో శస్త్రవైద్యుడు మైల్సు నిర్దేశించిన శస్త్రమే నేటికిని చేయవలసివచ్చును. రక్తము పడినను మొలలేయని నెలలు గడిపి వచ్చిన రోగికి, పొట్టపై రంధ్రములెంత చిన్నవైనను, వాని ప్రక్కన మలసంచి మిగులును.