కాంటన్ రేవు చూసి యానాం వచ్చిన దొర

యానాం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఫ్రెంచివాళ్లు. ఆ తర్వాత గౌతమి గట్టు, మంగళవారం సంత. పాతతరం వాళ్లయితే శారదా చట్టం తప్పించుకోవడానికి అక్కడికి తీసుకువెళ్లి చేసిన చిన్నపిల్లల పెళ్లిళ్ల సంగతి కూడా చెబుతారు. చైనా మాత్రం ఎవరికీ గుర్తురాదు. యానానికీ చైనాకూ ఏం సంబంధం అంటారా? ఉంది. చైనాను గురించి యూరప్ మనసు మార్చిన పుస్తకాలలో ఒకదాన్ని రాసిన మనిషి, ఆ తర్వాత యానాంలో ఫ్రెంచి అధికారిగా కూర్చున్నాడు. ఆయన పేరు పియర్ సొన్నెరా.

సొన్నెరా 1748లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పుట్టాడు. చెట్లన్నా పిట్టలన్నా ఆయనకు ప్రాణం. బొమ్మలు వేయడం వచ్చు. ఓడ ఎక్కి ఫిలిప్పీన్సు దాకా, సుగంధద్రవ్యాల దీవుల దాకా తిరిగాడు. 1774 నుంచి 1781 వరకు మన దేశమూ, చైనా రేవూ చూశాడు. చూసినదంతా రెండు సంపుటాల పుస్తకంగా 1782లో పారిస్‌లో అచ్చువేయించాడు. మన దేవతలు, కులవృత్తులు, పండుగలు, పళ్లు, పక్షులు అన్నీ అందులో బొమ్మలతో సహా ఉన్నాయి. ఇవాళ వేసవిలో మన బజారులోకి వచ్చే లిచీ పండుకు శాస్త్రజ్ఞులు పెట్టుకున్న లాటిను పేరు ఆ పుస్తకంలోనిదే. మన అడవికోళ్లలో ఒక జాతికి ఆయన పేరే ఉంది. అంతకంటే చిత్రం, కోరంగి మడ అడవుల్లో బురదలోంచి మేకుల్లా ఊపిరివేళ్లు పైకి పంపే ఒక చెట్టుజాతికి శాస్త్రనామం సొన్నెరేషియా. ఆ చెట్ల పక్కనుంచి రోజూ పడవ నడుపుకుంటూ పోయేవారు ఆ పేరు విని ఉండరు.

ఇక చైనా సంగతి. సొన్నెరా కుర్రవాడుగా ఉన్న రోజుల్లో ఫ్రాన్సులో పెద్దలకు చైనా అంటే వెర్రి అభిమానం. జెసూయిట్ మతగురువులు పెకింగు నుంచి రాసి పంపిన ఉత్తరాలు చదివి, అక్కడ రాజు తండ్రిలాంటివాడనీ, ఉద్యోగాలు పరీక్షలు పెట్టి చదువుకున్నవాళ్లకే ఇస్తారనీ మురిసిపోయేవారు. వోల్టేరు 1755లో చైనా కథ మీద నాటకమే రాశాడు. అందులో కొంత నిజమూ ఉంది, కొంత తమ రాజును దెప్పిపొడవడానికి చైనాను అడ్డం పెట్టుకోవడమూ ఉంది. సొన్నెరా వచ్చి ఇదంతా ఒట్టి భ్రమ అన్నాడు. అక్కడ ఉన్నది నిరంకుశపాలన అన్నాడు. వర్తకులు మోసగాళ్లన్నాడు. కళలూ శాస్త్రాలూ ఎదుగుబొదుగు లేకుండా పడివున్నాయన్నాడు. అదే పుస్తకంలో మన దేశాన్ని మాత్రం ఆకాశానికెత్తాడు. ఈజిప్టుకూ గ్రీసుకూ జ్ఞానం ఇక్కడినుంచే వెళ్లిందన్నాడు. మనల్ని పొగిడాడు గదా అని మనం పొంగిపోవచ్చు. కాని పక్కింటావిడను తిట్టి మనల్ని మెచ్చుకునే మనిషి మాట కాస్త ఆగి వినడం మంచిది.

ఆయన చైనాలో చూసినదెంత? ఆ రోజుల్లో చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్. 1757లో ఆయన ప్రభుత్వం ఐరోపా వర్తకులకు కాంటన్ రేవొక్కటే తెరిచి ఉంచింది. అక్కడైనా నగరం గోడల లోపలికి పోనివ్వరు. నది ఒడ్డున వరసగా కట్టిన కొట్లలో, అదీ ఓడలు వచ్చే నెలల్లోనే ఉండాలి. ఆడవాళ్లను వెంట తెచ్చుకోకూడదు. చైనా భాష నేర్చుకోవడానికి వీల్లేదు. బేరమంతా ప్రభుత్వం అనుమతి ఇచ్చిన కొద్దిమంది షావుకార్లతోనే. చూశారా, ఒక దేశాన్ని చూసే కిటికీ ఎంత చిన్నదో! రేవులో కనిపించేది దళారులు, సుంకం వసూలు చేసే గుమాస్తాలు, కూలీలు, బేరం. ఇంట్లో తల్లి బిడ్డకు ఏం చెబుతుందో, పొలంలో రైతు నారు ఎలా పోస్తాడో, పాదాలు కట్టేసిన ఆడపిల్ల రాత్రి ఎలా నిద్రపోతుందో ఆ కిటికీలోంచి కనపడవు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. సొన్నెరా 1776లో న్యూగినీ ప్రయాణం అని మరొక పుస్తకం వేశాడు. అందులో న్యూగినీ పెంగ్విన్లంటూ మూడు పక్షుల బొమ్మలు వేశాడు. న్యూగినీలో పెంగ్విన్లు లేవు, ఆయన న్యూగినీలో కాలు పెట్టనూ లేదు. ఆస్ట్రేలియాలో ఉండే ఒక పక్షికి ఆయన పుణ్యమా అని ఇప్పటికీ శాస్త్రంలో న్యూగినీ పేరే నిలిచిపోయింది. అబద్ధాలకోరు అనడం నాకు ఇష్టం లేదు. ఆయన గీసిన మన దేశపు బొమ్మలు నిజంగా విలువైనవి. కాని చేతిలో ఉన్న పిట్టను చూసి ఊరు ఊహించే అలవాటు మాత్రం ఆయనకు ఉంది.

యానాంనే తీసుకోండి. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమలైంది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమైంది. యానాం ఫ్రెంచివారిది కాబట్టి చట్టం అక్కడికి రాలేదు. దాంతో చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లివారు పసిపిల్లలను తీసుకుని అక్కడికి పోయేవారు. ఆ లగ్గసరుల్లో ఏ ఫ్రెంచి యాత్రికుడో ఓడ దిగి చూశాడనుకోండి, తెలుగువాళ్లకు పిల్లల పెళ్లిళ్లు తప్ప వేరే పనే లేదని రాసుకునేవాడు. ఆ పక్కనే రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881లోనే వితంతు వివాహం చేయించారనీ, చట్టం ఉందంటేనే ఆ పెళ్లిళ్లు ఇంతదూరం పారిపోయి వచ్చాయనీ అతనికి ఎవరు చెబుతారు? రేవులో కనపడినది అబద్ధం కాదు. అది రేవు నిజం, అంతే.

దీనికి పూర్తిగా ఎదురు మనకు ఇంకో యాత్రికుడున్నాడు. ఆయన చైనా నుంచే మన గోదావరి సీమకు వచ్చాడు. చిన్నప్పుడు పాఠాల్లో హ్యూయాన్‌త్సాంగ్ అని చదువుకున్నాం. 629లో బయల్దేరి 645లో తిరిగి ఇల్లు చేరాడు. 640 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చి వేంగిని చూశాడు, ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి పండితుల దగ్గర చదువుకున్నాడు. నేల సారవంతమన్నాడు. మనుషులు ఆవేశపరులన్నాడు, అది కాదనలేం లెండి! మాట మధ్యదేశపు మాట కాదుగాని లిపి మాత్రం చాలావరకు ఒకటే అని గమనించాడు. పాడుపడిన ఆరామాలు కనిపిస్తే పాడుపడ్డాయనే రాశాడు. మన భాషలు నేర్చి, మన మధ్య కూర్చుని చదివిన మనిషి గనుక తిట్టినా మెచ్చినా ఆ మాటకు ఒక బరువుంది.

సొన్నెరా రాసినవి పుస్తకంలోనే ఉండిపోతే ఇంత చెప్పక్కర్లేదు. ఆయన ఒక్కడే కాదు, ఆ రోజుల్లో కాంటన్ ఒడ్డునుంచి తిరిగొచ్చిన చాలామంది అదే పాట పాడారు. చైనా అంటే ముసలిదై నిద్రపోతున్న దేశమనే తలపు ఐరోపాలో పాతుకుపోయింది. 1793లో, అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసిన మెకార్ట్నీ ప్రభువు ఇంగ్లండు రాయబారిగా చక్రవర్తి దగ్గరికి వెళ్లాడు. మీ సరుకులు మాకు అక్కరలేదని చక్రవర్తి పంపించేశాడు. అవతలివారికి చిన్నచూపు, ఇవతలివారికి గర్వం. అక్కరలేదన్న సరుకుల స్థానంలో మన దేశంలో పండించిన నల్లమందు పెట్టెలు కాంటన్ చేరాయి. 1839లో చైనా అధికారి లిన్ ఇరవైవేల పెట్టెలు పట్టి నాశనం చేయిస్తే యుద్ధం వచ్చింది. 1842లో హాంకాంగు పోయింది. అదే 1839 నవంబరులో మన కోరంగి తుపానులో కొట్టుకుపోయింది. ఒక రేవును సముద్రం మింగితే, ఇంకొక రేవును ఫిరంగులు పగలగొట్టాయి.

మెకార్ట్నీ చైనాకు వెళ్లిన ఆ 1793లోనే ఇంగ్లీషువాళ్లు యానాం పట్టుకున్నారు. సొన్నెరా ఉద్యోగం అంతటితో సరి. ఇరవై ఏళ్లపాటు ఇంగ్లీషువారి చేతికింద పుదుచ్చేరిలో ఉండి, 1813లో గాని స్వదేశం బయల్దేరలేకపోయాడు. మరుసటి ఏడు పారిస్‌లో కన్నుమూశాడు. ఆ తర్వాత 1828లో యానాం నుంచి తెలుగు కూలీలు రీయూనియన్ దీవి చెరకుతోటలకు వెళ్లారు. 1840లలో చైనా కూలీలూ అక్కడికే వచ్చారు. ఒకరి దేశం గురించి ఒకరు ఏ పుస్తకమూ చదవని వాళ్లు ఒకే దీవిలో చెరకు నరికారు. వాళ్ల అభిప్రాయాలు ఎవరూ రాసిపెట్టలేదు. నాకైతే ఆ మాటలే వినాలని ఉంటుంది.

మన ఇళ్లలో చైనా ఎప్పటినుంచో ఉంది. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో చీనికర్పూరం మీద సుంకం ఎంతో ఉంది. పెళ్లిమాటల్లో చీనాంబరాలున్నాయి. ఆవకాయ జాడీ మన దగ్గరే చేసిందైనా, ఆ పింగాణీ విద్య చైనాదే. ఐరోపావాళ్లకు ఆ గుట్టు 1700లు దాటాక గాని అంతుపట్టలేదు. అమ్మమ్మల కాలంలో చీనా అంటే మేలురకం. ఇప్పుడు మనం బొమ్మ విరిగినా, దీపాల దండ వెలగకపోయినా చైనా సరుకు అంటాం. మనకు మంగళవారం సంతలూ చైనా బజార్లే ఇప్పుడు కాంటన్ రేవులు కాబోలు!

1962 ఆగస్టు 16న యానాం చట్టప్రకారం మన దేశంలో కలిసింది. రెండు నెలలు తిరగగానే చైనాతో యుద్ధం వచ్చింది. అంతవరకు భాయీ భాయీ అన్న నోళ్లే శత్రువన్నాయి. ఆ దెబ్బ చిన్నదేమీ కాదు, సరిహద్దు తగువు ఇంకా తీరనూ లేదు. అయినా ఆ దేశం లోపల జరిగినవి మనం తెలుసుకోవాలి. 1950లో వాళ్లు తెచ్చిన వివాహచట్టం పిల్లల పెళ్లిళ్లను నిషేధించి ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు పెట్టింది. 1959 నుంచి మూడేళ్లు కరువులో కోట్లమంది పోయారు. 1978 తర్వాత ఆర్థికవిధానం మార్చుకుని కోట్లమంది పేదరికంలోంచి బయటపడ్డారు. 1980 నుంచి 2015 దాకా ఒకే బిడ్డ అన్న కట్టడిలో ఎందరు తల్లుల కడుపుకోత ఉందో! ఇవన్నీ ఒకే దేశం సంగతులు. వీటిలో ఏదో ఒక్కటి పట్టుకుని చైనా ఇంతే అంటే మనమూ కొట్టు గుమ్మంలో కూర్చుని రాసినట్టే.

ఇప్పుడు మన జిల్లాల పిల్లలు డాక్టరీ చదువుకు చైనా వెళ్లి, అయిదారేళ్లు అక్కడి మనుషుల మధ్య ఉండి, ఆసుపత్రిలో రోగితో మాట్లాడడానికి ఆ భాష నేర్చుకుంటున్నారు. మీ వీధిలో అలాంటి పిల్లో పిల్లవాడో ఉంటే, అక్కడ ఫీజు ఎంత, తిండి ఎలా ఉంది అని మాత్రమే అడిగి ఊరుకోకండి. వాళ్లింటి ముసలావిడ ఏం కబుర్లు చెప్పేదో అడగండి.