ఉద్దానంలో క్షేత్రనామాలు, వ్యక్తినామాలు

నామములన్నీ ధాతుజములేనని శాకటాయనుడు, అన్నీ కావని గార్గ్యుడు భావించినట్లు యాస్కుని నిరుక్తం చెబుతున్నది. ఉద్దానంలో మాత్రం అనేక నామాలు క్షేత్రజములు. పలాస, టెక్కలి ప్రాంతాలలో వినిపించే ముఖలింగం, కూర్మారావు, అప్పన్న అనే పేర్లు వరుసగా శ్రీముఖలింగ మధుకేశ్వరుని, శ్రీకూర్మనాథుని, సింహాద్రినాథుని స్మరింపజేస్తాయి. సింహాచలమైతే స్త్రీపురుషులిరువురికీ చెల్లుతుంది, కొండకు లింగభేదమేమిటి!

నేటి ముఖలింగమే నాటి కళింగనగరమని చరిత్రకారుల నిర్ణయం. క్రీ.శ. 1078లో అభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని తండ్రి గంగవంశజుడు, తల్లి రాజసుందరి చోళ రాజపుత్రిక. ఉభయ వంశాలూ ఒక్క నామంలో ఇమిడినవి. తెలుగు, ఒరియా సంప్రదాయాల సంగమమూ ఇక్కడి పేర్లలో ఉన్నది. బొడ్డపాడుతో ముడిపడిన విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి పేరులో మన రివాజుకు భిన్నంగా ఇంటిపేరు చివర నిలిచింది. ఆ ఇంటిపేరు ఒరియా కుటుంబాలది, శబ్దం శుద్ధ సంస్కృతం. పాణిగ్రహణం వివాహమే కదా.

ఇట్టి పేర్లను మోటువని బడి పుస్తకాలలో మార్పించేవారిని చూస్తే ఖేదం కలుగుతుంది. ముఖలింగం పోతే ఒక రాజధాని స్మృతి పోతుంది. లచ్చన్న అపభ్రష్టమనడం తొందరపాటు. లక్ష్మి ప్రాకృతంలో లచ్ఛి అయిన మార్గమే దానిది. 1909లో బారువలో జన్మించిన గౌతు లచ్చన్న ఆ తద్భవ నామంతోనే సర్దార్ అనిపించుకున్నారు.