మంటల తరువాత మంచు

మచిలీపట్నం అద్దకం దుప్పటి చూసినవాళ్ళకి చెక్క అచ్చుల సంగతి చెప్పక్కర్లేదు. గీతలకి ఒక అచ్చు, రంగు రంగుకీ వేరే అచ్చు. జపానువాళ్ళు ఇంచుమించు ఇదే పద్ధతిలో కాగితంమీద కొండలూ, వానలూ, వంతెనలూ అద్దారు. ఒకరు బొమ్మ గీస్తారు. ఇంకొకరు చెర్రీ చెక్కమీద చెక్కుతారు. మరొకరు చెక్కకి రంగు పూసి, కాగితం పరిచి, వెనకనించి రుద్ది అచ్చు తీస్తారు. పెట్టుబడి ప్రచురణకర్తది.

ఈ కళలో హొకుసాయి, హిరోషిగె పేర్లు పెద్దవి. నాకు మాత్రం వాళ్ళ తరువాతి తరాలవాడైన కవాసె హసుయి కథంటే ఇష్టం. 1883లో టోక్యోలో పట్టుదారాల వ్యాపారం చేసే ఇంట పుట్టాడు. చిన్నప్పటినించీ చూపు తక్కువ. వ్యాపారం చితికిపోయాక, ఇరవయ్యారో ఏట, బొమ్మలు నేర్పమని కియోకత అనే గురువు దగ్గరికి వెడితే, వయసు మించిందని తిప్పి పంపేశాడాయన. హసుయి ఊరుకోలేదు. రెండేళ్ళకి మళ్ళీ వెళ్ళి శిష్యుడయ్యాడు. 1918లో వతనబె అనే ప్రచురణకర్త కోసం ప్రకృతి దృశ్యాలు గీయడం మొదలుపెట్టాడు.

1923 సెప్టెంబరు 1. ఇళ్ళలో మధ్యాహ్నం వంటకి పొయ్యిలు వెలిగించిన వేళ, భూకంపం వచ్చింది. ఊరు అంటుకుంది. వతనబె దుకాణం, చెక్క అచ్చులతో సహా, బూడిదయింది. హసుయి ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి గీసుకున్న పుస్తకాలూ పోయాయి. అప్పటికాయనకి నలభై ఏళ్ళు!

వతనబె ధైర్యం చెప్పి మళ్ళీ పంపాడు. నూరు రోజుల పైచిలుకు తిరిగి, కొత్త పుస్తకాలతో వచ్చాడు హసుయి. 1925లో 'షిబాలో జోజోజి' వెలువడింది. ఎర్రటి గుడి ద్వారం, మంచు బరువు మోస్తున్న చెట్టు, గొడుగు చాటున ముఖం కనిపించకుండా నడిచిపోతున్న ఒక స్త్రీ. ఆయన బొమ్మల్లో ఎక్కువమంది మెచ్చుకునేది ఇదే.

ఇలాంటి బొమ్మ దొరికితే తీరిగ్గా చూడండి. మంచు తెలుపు చాలాచోట్ల రంగే కాదు, రంగు తగలనివ్వకుండా వదిలేసిన కాగితం! ఆకాశం పైన ముదురుగా ఉండి కిందికి పలచబడుతుందే, అది ప్రతి కాగితానికీ చేత్తో చేసిన పని. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతులు అచ్చంగా ఒకలా ఉండవు.

సేకరించేవాళ్ళు అంచున ఉండే ప్రచురణకర్త ముద్ర చూసి, అది ఏ కాలపు ప్రతో అంచనా కడతారు. భూకంపానికి ముందువంటే ప్రాణం. అచ్చులు కాలిపోయాయి కనక, వాటినించి మరో ప్రతి రాదు. ఉన్నవల్లా అప్పటికే చేతులు మారి మంటకి దూరంగా వెళ్ళినవి. కొన్నవాళ్ళలో ఎందరో నిధి దాస్తున్నామనుకుని ఉండరు. బాగుందని కొనుక్కున్నారు, అంతే. గీసినవాడి దగ్గర మిగలనిది కొన్నవాళ్ళ ఇంట మిగిలింది.

హసుయి 1957లో పోయాడు. ఆఖరి బొమ్మలో ఒక సన్యాసి మంచులో మెట్లెక్కి గుడివైపు వెడుతుంటాడు. ఆయన పోయాక దాన్ని అచ్చు పూర్తి చేసి, సంస్మరణ సభలో ఆప్తులకి పంచారు.

మీ ఇంట్లో గోడమీద మనసుపడి కొనుక్కున్న బొమ్మేదైనా ఉందా? పాతబడిందని అటకెక్కించకండి.