రంగూను రేవున పరదేశి

సికింద్రాబాదు బన్సీలాలుపేటనుండి నేడు బర్మా చూడబోవు గృహస్థుడు ముందుగా పాసుపోర్టును, పిమ్మట ఆ దేశపు వీసాను సంపాదింపవలెను. ఈ నిర్బంధము అనాదిగా నున్నదని మనము తలంతుము. చరిత్ర యట్లు చెప్పదు.

పూర్వము కాకినాడ, విశాఖపట్టణము రేవులలో నోడ నెక్కిన తెలుగు కూలీకి టిక్కెట్టు సొమ్మున్న చాలును. బర్మా యప్పుడు బ్రిటిషు ఇండియాలో నొక రాష్ట్రము. రంగూను రేవున సరుకులు మోసినవారును, బియ్యపు మరలలో పనిచేసినవారును పెక్కురు తెలుగువారే. కోరంగి రేవు పేరిట బర్మీయులు వారిని కోరంగీలనిరి.

1930 మే మాసమున ఆ కూలీలు కూలి పెంపు గోరి సమ్మె చేసిరి. యజమానులు బర్మీయులను పనిలోనికి దీసికొనిరి. సమ్మె తీరగానే వారిని పొమ్మనిరి. రేగిన యల్లర్లలో పెక్కురు తెలుగువారు మడిసిరి. లాభము యజమానులది, పగ మాత్రము పేదలిరువురి నడుమ మిగిలెను.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియానుండి వేరుపడెను. 1941లో ఇరు ప్రభుత్వముల యొడంబడిక ప్రవేశమునకు పత్రములు విధింపగా గాంధీగారు దానిని విమర్శించిరి. 1947 నాటి బర్మా శాసనము వీసాగాని, అనుమతిపత్రముగాని లేనివారి రాకను నిషేధించెను.

తన గుమ్మము కాచుకొను హక్కు ప్రతి దేశమునకును గలదు. కాని యేండ్ల తరబడి చెమటోడ్చినవానిని ఒక్క సంతకముతో పరదేశిని జేయువారు, ముందుగా వాని మొర యాలకించుట ధర్మము కాదా? పాసుపోర్టు చేతబట్టిన విహారయాత్రికుడా, రంగూను చేరిననాడు ఆ కోరంగీలను ఒక్కమారు తలపుము.