ఇంటి అక్వేరియంలో సముద్ర నక్షత్రం: కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు

సముద్ర తీరం లేని ఛత్తీస్‌గఢ్‌లో, ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. అయితే అందులో సముద్ర నక్షత్రాన్ని బ్రతికించడం చాలా రకాల చేపలను పెంచడంకన్నా కష్టం. బొమ్మలా కదలక మెదలక కనిపించినా, నీటిలోని స్వల్పమైన మార్పు కూడా దానిపై ప్రభావం చూపుతుంది.

సముద్ర నక్షత్రం చేప కాదు. ఇఖైనోడెర్మేటా వర్గానికి చెందిన వెన్నెముక లేని జీవి. ప్రపంచంలో వీటి జాతులు దాదాపు 1,900 ఉన్నాయి. దీనికి మెదడు గాని, మనకున్నటువంటి రక్తం గాని లేవు. ఇది వీపుమీద ఉన్న జల్లెడ వంటి చిన్న పలక ద్వారా సముద్రపు నీటిని లోనికి తీసుకుంటుంది. ఆ నీటి ఒత్తిడితోనే అడుగుభాగాన ఉన్న నాళికా పాదాలను కదిలిస్తుంది. శరీరంలోని లవణ సాంద్రతను నియంత్రించుకునే శక్తి దీనికి దాదాపుగా లేదు. బయటి నీరు మారితే లోపలి ద్రవమూ మారుతుంది. అందువల్ల చేప ఓర్చుకునే తేడా దీనికి ప్రాణాంతకం కావచ్చు.

కాబట్టి మొదట నీటిని సిద్ధం చేసుకోవాలి. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. అక్వేరియం కోసం తయారైన సముద్ర లవణాల మిశ్రమాన్ని, క్లోరిన్ లేని ఆర్.ఓ. నీటిలో, లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుండేలా కలపాలి. తొట్టెలో ఉపయోగకరమైన బ్యాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ పరిమాణాలు సున్నాకు చేరినంత మాత్రాన నక్షత్రాన్ని తేవడం తొందరపాటే అవుతుంది. తొట్టె కొన్ని నెలలపాటు నిలకడగా నడిచిన తరువాతనే తేవాలి.

బిలాస్‌పూర్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉష్ణమండల జాతులకు నీరు 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండడం మంచిది. ఫ్యాను గాలితో నీరు కొంత చల్లబడుతుంది కాని, ఆవిరి కావడం ఎక్కువవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. అందువల్ల తగ్గిన మేరకు ప్రతిరోజూ ఉప్పు కలపని ఆర్.ఓ. నీటినే పోయాలి. మండువేసవిలో చిల్లర్ అవసరం కావచ్చు. కరెంటు పోయినప్పుడు నీటికి ప్రాణవాయువు అందించడానికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండాలి.

తెచ్చిన నక్షత్రాన్ని వెంటనే తొట్టెలో వదలకూడదు. సన్నని గొట్టం ద్వారా తొట్టెలోని నీటిని అది ఉన్న పాత్రలోకి చుక్కలు చుక్కలుగా, కనీసం ఒకటి రెండు గంటలపాటు చేర్చాలి. గాలి తగలకుండా నీటిలోనే దాన్ని తరలించాలి. అద్దానికి అతుక్కొని ఉన్నప్పుడు లాగితే నాళికా పాదాలు తెగిపోతాయి. చేపల జబ్బులకు వాడే రాగి కలిసిన మందులు దీనికి విషంతో సమానం.

ఆహారం మరొక సమస్య. నీలిరంగు లింకియా నక్షత్రం చూడముచ్చటగా ఉంటుంది గాని, ఇళ్ళలోని తొట్టెలలో తగిన ఆహారం లేక నెలల తరబడి మెల్లగా చిక్కిపోయి మరణించడం తరచుగా జరుగుతుంది. ఇసుకను జల్లించే ఆస్ట్రోపెక్టెన్ రకం ఇసుకలోని సూక్ష్మప్రాణులన్నింటినీ తినేసి, ఆపై ఆకలితో చనిపోతుంది. చాక్లెట్ చిప్ రకం కొంత గట్టిది. వారానికి రెండు మూడుసార్లు చిన్న రొయ్య ముక్కను దాని కిందికి చేరిస్తే తింటుంది. కాని అది పగడపు జీవులను, నత్తలను కూడా తింటుంది కనుక వాటితో కలిపి ఉంచకూడదు.

కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగానే నడుస్తుంది. సొంత ఊళ్ళకు వెళ్ళివచ్చే రైల్వే కుటుంబాలవారికి, తీరంలో దొరికిన నక్షత్రాన్ని సీసాలో వేసి తెచ్చుకోవాలనిపించవచ్చు. రాత్రంతా సాగే ప్రయాణంలో కొద్దిపాటి నీరు వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి, అది ఇల్లు చేరేలోపే మరణించే ప్రమాదముంది. పిల్లలకు దాన్ని తీరంలోనే చూపించి, తిరిగి నీటిలో వదలడం మేలు. పగడపు దిబ్బలను నిర్మించే జీవులు, సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. అక్వేరియం అలంకరణకోసమైనా వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం.

శరీరం మెత్తబడడం, చర్మంపై తెల్లని పుండ్లు కనిపించడం, పట్టు సడలడం, చేతులు ఊడిపోవడం ప్రమాద సూచనలు. తెగిన చేయి ఆరోగ్యవంతమైన నక్షత్రానికి తిరిగి పెరగవచ్చు. నీరు చెడినప్పుడు మాత్రం ఆ అవకాశం తక్కువ. ఈ లక్షణాలు కనిపించగానే లవణ సాంద్రత, ఉష్ణోగ్రత, అమోనియా పరీక్షించాలి. మరణించిన దాన్ని వెంటనే తొలగించకపోతే, తొట్టెలోని మిగతా ప్రాణులకూ ముప్పు తప్పదు.